కబూతర్‌బాజ్ అంటే తిట్టు కాదు

"పావురాలెగరేసుకునే సాయిబుకి చదువెందుకురా!"

ఈ మాట మేం బడిలో విన్నాం. అన్నవాడు పంతులు. పడ్డవాళ్ళం ఏడో తరగతి పిల్లలం. నిక్కరు మీద పావురం రెట్ట మరక కనపడినందుకు పడ్డ మాట అది. ఆ తర్వాత అదే మాటను రకరకాల రూపాల్లో చూశాం. సినిమాల్లో గళ్ళలుంగీ కట్టి, మెళ్ళో తాయెత్తు వేసుకుని, మిద్దె మీద పావురాలు తోలే రౌడీగా చూశాం. కథల్లో ఆస్తంతా పావురాల మీద, పతంగుల మీద తగలేసుకున్న నవాబుగా చదివాం. దొంగ కాగితాలతో మనుషుల్ని పరాయి దేశాలకు దాటించే నేరానికి పత్రికలు పెట్టిన పేరు కూడా 'కబూతర్‌బాజీ'యే.

పనీపాటా లేనివాడు, జూదగాడు, పక్కింట్లోకి తొంగిచూసేవాడు, మనుషుల్ని దాటించేవాడు. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు అంటగట్టారు. ఆ మాట వెనక ఒక విద్య ఉందని, ఆ విద్యకు చరిత్ర ఉందని, ఆ చరిత్ర నిండా చెమట ఉందని ఎవరూ రాయలేదు. మా సంగతి మేమే చెప్పుకోవాల్సి వచ్చింది.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. పావురాలన్నీ ఒకటి కావు. మక్కా మసీదు ఆవరణలో, చార్మినార్ దగ్గర గుంపులుగా వాలేవి జంగ్లీ పావురాలు. హుస్సేనీ ఆలంలో కబూతర్‌ఖానా ఉంది. అక్కడ జనం జొన్నలు కొని సవాబు కోసం చల్లుతారు. అది దానం, పెంపకం కాదు. వందల మైళ్ళ అవతల వదిలితే ఇల్లు వెతుక్కుంటూ వచ్చేది టపా పావురం. అది ఇంకో జాతి. మా మిద్దెల మీద పెరిగేది ఈ రెండూ కాదు. అది గిరహ్‌బాజ్. తెలుగువాళ్ళ నోట్లో అది గిరేబాజు అయింది. ఇది ఎక్కడికీ పోదు. పొద్దున్నే వదిలితే తన మిద్దె మీదే గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. చుక్కంత అవుతుంది. ఒక్కోసారి చుక్క కూడా కనపడదు. గంటలు గడిచాక మళ్ళీ అదే మిద్దె మీద దిగుతుంది. ఎంత దూరం పోయిందన్నది కాదు ఇక్కడ లెక్క, గాలిలో ఎంతసేపు నిలిచిందన్నది. ఢిల్లీలో, పంజాబులో, సరిహద్దుకు అవతలి లాహోరులో మే, జూన్ ఎండల్లో దీనికి పందేలు పెడతారు. తెల్లారి వదిలిన పావురం సాయంత్రం దాకా దిగకపోతే ఆ ఉస్తాద్ పేరు నాలుగు మొహల్లాల్లో మోగుతుంది.

ఆ నిలకడ పావురానికి పుట్టుకతో కొంత వస్తుంది. మిగతాది పెంపకంతో వస్తుంది. ఆ పెంపకమే విద్య.

మా గల్లీ ఉస్తాద్ దర్జీ. పొద్దున ఏడింటిదాకా పావురాలు, ఆ తర్వాత కుట్టుమిషను. మేం ఆయన షాగిర్దులం. షాగిర్దు అంటే మొదటి ఏడాదంతా గూళ్ళు కడగటం, నీళ్ళకుండలు తోమటం, దాణాలో రాళ్ళు ఏరటం. పావురాన్ని చేత్తో పట్టుకోనిచ్చేది రెండో ఏడు. "తొందరెందుకు బేటా, ముందు చూడటం నేర్చుకో" అనేవాడు.

చూడటం నేర్చుకున్నాం. జంట కట్టిన ఆడపావురం రెండు గుడ్లు పెడుతుంది. మగదీ ఆడదీ వంతులేసుకుని పొదుగుతాయి. రెండోగుడ్డు పెట్టాక పదిహేడు, పద్దెనిమిది రోజులకు పిల్లలవుతాయి. మొదటి నాలుగైదు రోజులు ఆ పిల్లలకు గింజ పనికిరాదు. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతుసంచిలోనూ జున్నులాంటి పదార్థం ఊరుతుంది. దాన్ని పిల్లల నోట్లోకి వంపుతాయి. మేం దాన్ని దూద్ అనేవాళ్ళం. పక్షికి పాలేమిటని నవ్వినవాళ్ళున్నారు. సైన్సు పుస్తకాలు కూడా దాన్ని పాలనే అంటున్నాయి. తండ్రి కూడా పాలిచ్చే జీవి లోకంలో అరుదు. వారం దాటితే పాలలో నానిన గింజ కలుస్తుంది. నాలుగు వారాలకు పిల్ల సొంతంగా గింజ ఏరుకుంటుంది. అప్పటినుంచి దాన్ని పఠ్ఠా అంటారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది.

పఠ్ఠాను వెంటనే ఎగరనివ్వరు. మిద్దె మీద జాలీ పెట్టెలో కూర్చోబెడతారు. నాలుగు దిక్కులూ దానికి కనపడాలి. మసీదు మినారు, పక్కింటి నీళ్ళట్యాంకు, వేపచెట్టు, కరెంటు తీగలు అన్నీ దాని కంట్లో పడాలి. కొన్నాళ్ళు అదే పని. ఆ రోజుల్లోనే పిలుపు అలవాటు చేస్తారు. డబ్బాలో గింజలు ఆడిస్తూ "ఆ... ఆ..." అని ఒకే గొంతుతో పిలిచి దాణా వేస్తారు. పిలుపూ గింజా దాని బుర్రలో ఒకటైపోవాలి. ఆ తర్వాత ఒక సాయంత్రం, కాస్త ఆకలి మీద ఉన్నప్పుడు, తలుపు తీసి వదిలేస్తారు. తోలరు, బెదిరించరు. అది తనంతట తాను లేచి, ఒక చుట్టు తిరిగి, పిలుపు విని దిగాలి. బెదిరి లేచిన పఠ్ఠా దిక్కు తెలియక ఇంకో మిద్దె మీద వాలుతుంది. వాలిందంటే చాలాసార్లు ఇక మనది కాదు.

మొదటి వారం నిమిషాల లెక్క. తర్వాత నిలకడగా ఎగిరే పెద్ద పావురాలతో కలిపి వదులుతారు. ఆ జట్టును టుకడీ అంటారు. పెద్దవి పైకి పోతే పఠ్ఠాలు వాటి వెనక పోతాయి. అరగంట, గంట, రెండు గంటలు. పెంచేది మెల్లగానే. పఠ్ఠా వయసును రెక్కలో చదవాలి. రెక్కకు పది పెద్ద ఈకలుంటాయి. రెండు నెలలు రాకముందే లోపలివైపు నుంచి ఒక్కొక్కటిగా రాలి కొత్తవి మొలుస్తాయి. ఎన్ని మార్చిందో లెక్కపెడితే వయసు తెలుస్తుంది. కొత్త ఈక నెత్తురు మీద ఉండగా దాన్ని గంటలకొద్దీ ఎగరేస్తే ఈక పాడవుతుంది, పక్షీ పాడవుతుంది. పదో ఈక మారి గట్టిపడ్డాకే పెద్ద పరీక్ష. ఆరు నెలలు ఆగలేనివాడికి ఈ విద్య అబ్బదు.

ఇక దాణా. ఈ మాట తెలుగులో గుర్రానికీ గేదెకూ స్థిరపడిపోయింది గాని, వచ్చింది మా గింజ నుంచే. దానా అంటే గింజ. ఏ గింజ, ఎప్పుడు, ఎంత అన్న దాని మీదే ఎగురుడంతా ఆధారపడి ఉంటుంది. ఎదిగే వయసులో శనగలు, పెసలు కలవాలి, కండ పడుతుంది. విశ్రాంతి రోజుల్లో జొన్నలు, గోధుమలు, యవలు, అవీ మితంగానే. ఎగురుడుకు ముందు రోజుల్లో సజ్జల పాలు, కుసుమల పాలు పెరుగుతాయి. చిన్న గింజ త్వరగా అరుగుతుంది, నూనెగింజ ఎక్కువసేపు కాస్తుంది. పందెం పావురానికి కొందరు బాదం, నెయ్యి కలిపి చిన్న ఉండలు పెడతారు. పొద్దున కడుపు నిండా తిన్న పావురం ఎగరదు, మిద్దె అంచున కూర్చుంటుంది. అందుకే దాణా సాయంత్రం, దిగాక. అలసి దిగినదానికి ముందు కొద్దిగా నీళ్ళు, కాసేపయ్యాక మెత్తని గింజ. వారానికోసారి ఇటుకపొడి, గుడ్డుపెంకుల పొడి, చిటికెడు ఉప్పు. గింజను నలిపి అరిగించేది లోపలి రాళ్ళసంచి, పళ్ళు లేని నోటికి అదే ఆధారం.

నూనెగింజ ఎందుకని మేం అడిగితే ఉస్తాద్ "దీపం దేంతో వెలుగుద్ది బేటా?" అని ఎదురడిగేవాడు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, ఈ ప్రశ్న మీద పరిశోధన జరిగిందని, అదీ మన దేశంలోనే జరిగిందని. బరోడా విశ్వవిద్యాలయంలో జె.సి. జార్జ్ అనే శాస్త్రవేత్త 1950ల నుంచీ పావురం రొమ్ముకండను శోధించాడు. ఆ కండలో సన్నని ఎర్రపోగులు, లావుపాటి తెల్లపోగులు ఉంటాయనీ, ఎక్కువసేపు ఎగరటానికి పనిచేసేవి ఎర్రపోగులేననీ, అవి ప్రధానంగా కొవ్వును కాల్చుకుంటాయనీ తేలింది. 1966లో బెర్గర్‌తో కలిసి ఆయన పక్షికండల మీద రాసిన పుస్తకం లోకమంతా చదివింది. మా ఉస్తాద్ చదవలేదు. ఆయన దీపం ఉపమానంతోనే బతికాడు. ఒకే సత్యాన్ని ఇద్దరూ వేర్వేరు దారుల్లో పట్టుకున్నారు. ఒకరిది విజ్ఞానమైంది, ఇంకొకరిది వ్యసనమైంది. ఎందుకైంది?

చరిత్ర రాసినవాళ్ళని అడగాలి. వాళ్ళకు పావురం కనపడింది, పట్టుకున్న చెయ్యి కనపడలేదు. బాబరు తండ్రి ఉమర్ షేక్ మీర్జా 1494లో అఖ్సీ కోటలో పావురాలగూడుతో సహా లోయలోకి పడి చనిపోయాడని బాబర్‌నామా చెబుతుంది. అక్బరుకు ఇరవైవేల పైచిలుకు పావురాలుండేవని, అందులో 500 ఎంపిక చేసిన 'ఖాస్' పావురాలని అబుల్ ఫజల్ ఐనే అక్బరీలో రాశాడు. పావురాల ఆటకు అక్బరు పెట్టిన పేరు ఇష్క్‌బాజీ. లఖ్‌నవీ రాజు వాజిద్ అలీషా గద్దె పోయి కలకత్తా మటియాబుర్జులో ఉన్నప్పుడూ పావురాలు వదల్లేదు. 1887లో ఆయన చనిపోయేనాటికి వేలాది పావురాలు, వందల మంది పెంపకందార్లు ఉండేవాళ్ళని అబ్దుల్ హలీం షరర్ రాశాడు.

ఈ మూడు కథలనే పట్టుకుని తురకరాజుల విలాసం అన్నారు. సరే, విలాసం రాజులది. మరి ఆ వందల మంది ఎవరు? వాళ్ళ పిల్లలేం తిన్నారు?

అబుల్ ఫజల్‌నే జాగ్రత్తగా చదివితే కొంత జవాబు దొరుకుతుంది. ఎగిరే పావురాలకు చిరుధాన్యం ఒక్కటే వెయ్యాలని, మిగతావాటికి ఏడు రకాల గింజలు కలిపి వెయ్యాలని ఆయన రాశాడు. ఇది చక్రవర్తికి తట్టే మాట కాదు, రోజూ గింజ చల్లే చేతికి తెలిసే మాట. అదే మాట నాలుగు వందల ఏళ్ళ తర్వాత మా దర్జీ ఉస్తాద్ సజ్జలబస్తా ముందు కూర్చుని చెప్పాడు. దండు కదిలితే పావురాల గూళ్ళను మోసే మోతగాళ్ళుండేవాళ్ళు. పనివాళ్ళ జీతం నెలకు 2 రూపాయల నుంచి 48 రూపాయల దాకా. ఆరితేరిన శిక్షకుల పేర్లు కూడా కొన్ని ఇచ్చాడు. బుఖారా కుల్ అలీ, సమర్‌ఖండ్ మస్తీ, హిరాత్ మోమిన్, బల్ఖ్ హాజీ ఖాసిం. ఆ వరసలోనే చివర చేలా హీరానంద్. పావురాల విద్యను మొత్తంగా ఒక మతానికి రాసిచ్చినవాళ్ళు ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 'చేలా' అన్నది అక్బరు తన బానిసలకు పెట్టిన పేరు. ఈ విద్యలో ఉస్తాదులు బానిసల్లోంచి కూడా వచ్చారు.

ఇంకో కథ ఉంది. అది మన తెలుగునేల అంచు తాకుతూ పోతుంది. 1859లో డార్విన్ జాతుల పుట్టుక మీద పుస్తకం అచ్చువేశాడు. మొదటి అధ్యాయంలోనే పావురాల్ని సాక్ష్యానికి పిలిచాడు. మనుషులు ఎంపిక చేసి పెంచితే ఒకే మూలజాతి నుంచి ఎన్ని రూపాలు వస్తాయో వాటితో చూపించాడు. అక్బరు పావురాల ప్రస్తావన కూడా అక్కడ ఉంది. ఈ పనికోసం ఆయన దేశదేశాలకు ఉత్తరాలు రాశాడు. 1856 జనవరిలో ఒక ఉత్తరం వాల్టర్ ఎలియట్‌కు రాశాడు. ఈ ఎలియట్ తెలుగువాళ్ళకు కొత్తవాడు కాదు. గుంటూరులో, ఉత్తర సర్కారుల్లో కమిషనరుగా పనిచేసిన కుంఫిణీ అధికారి. 1845లో అమరావతి స్తూపం తవ్వించి శిల్పాలు మద్రాసుకు తరలించినవాడు. తెలుగు మొక్కల పేర్లతో 'ఫ్లోరా ఆంధ్రికా' అచ్చువేసినవాడు. ఆయన ఇక్కడినుంచి డార్విన్‌కు పావురాల చర్మాలు పంపాడు. వాటితోపాటు పావురాల మీద పారశీకంలో ఉన్న ఒక గ్రంథానికి అనువాదం కూడా పంపాడు. డార్విన్ 1868 నాటి తన పుస్తకంలో ఆ గ్రంథాన్ని ఎన్నోచోట్ల వాడుకున్నాడు. దాని కాలం సుమారు 1770 అన్నాడు. రాసినవాడి పేరు మాత్రం 'సయ్జిద్ మొహమ్మద్ ముసారి' అని అచ్చయింది. అది సయ్యద్ మొహమ్మద్ మూసవీ అయివుండాలి. వాలిహ్ అనే కలంపేరుతో పావురాల రంగుల మీద, ఎగురుడు మీద పారశీక ద్విపదలు రాసిన కవి.

అంటే ఏమైంది? ఆధునిక విజ్ఞానానికి పునాదిరాళ్ళలో ఒకటి ఒక కబూతర్‌బాజ్ పుస్తకం నుంచి పోయింది. పోతూ పోతూ దారిలో పేరు చెడిపోయింది. ఆ చర్మాలకోసం పావురాలు పెంచి ఇచ్చినవాళ్ళకు చెడిపోవటానికి కూడా పేరు మిగల్లేదు.

ఇంగ్లండులో కథ వేరుగా నడిచింది. మాకిల్స్‌ఫీల్డ్, కాంగల్టన్, షెఫీల్డ్ లాంటి మిల్లుల ఊళ్ళలో 'టిప్లర్' అనే పావురాన్ని పెంచారు. మా గిరహ్‌బాజ్ లాగే అదీ తన ఇంటి మీదే గంటలకొద్దీ ఎగురుతుంది. పద్ధతి కూడా దాదాపు మాదే. పఠ్ఠాలకు ఆకలితో క్రమశిక్షణ, ఎగురుడు ముందు చిన్న గింజలు. దింపటానికి మాత్రం తెల్ల లక్కా పావురాలను కిందికి వదులుతారు, వాటిని చూసి పైనున్నవి దిగుతాయి. 20 గంటలు దాటిన రికార్డులున్నాయి. అక్కడ దానికి సంఘాలున్నాయి, నియమాలున్నాయి, అచ్చయిన పుస్తకాలున్నాయి. మిల్లు కార్మికుల సంస్కృతిలో భాగమని గౌరవంగా రాసుకుంటారు. అక్కడి మిల్లు కూలీకి అది సంస్కృతి. ఇక్కడి దర్జీకి, రిక్షావాడికి అది సోమరితనం.

మేం నవాబుల వారసులం కాదు. ఇది గట్టిగా చెప్పాలి. 1948లో హైదరాబాదు రాజ్యం పోయినప్పుడు దేవుడీలు చెదిరిపోయాయి. వాటిని నమ్ముకుని బతికిన నౌకర్లు, చాకర్లు, గుర్రాల సాయీసులు, పావురాల పెంపకందార్లు వీధిన పడ్డారు. రిక్షాలు పట్టారు, బీడీలు చుట్టారు, పంక్చర్లు వేశారు. ప్రభువులు వదిలేసిన పావురాల్ని పాతబస్తీ ఇరుకు మిద్దెల మీద రేకుడబ్బాల గూళ్ళలో పెట్టి బతికించింది వీళ్ళే. చేతిలో ఉన్న ఒకే ఒక విద్యను వదులుకోవటం ఇష్టం లేక బతికించారు. గల్ఫ్ పోయిన కొడుకు పంపిన డబ్బులో పది రూపాయలు సజ్జలకు తీసిన తండ్రుల్ని మేం ఎరుగుదుం.

దాణా గురించి ఒక జ్ఞాపకం చెప్పాలి. 1990 డిసెంబరు. పాతబస్తీలో కత్తిపోట్లు, కర్ఫ్యూ. మిద్దె ఎక్కినవాడు నేరస్తుడే. రాళ్ళు పోగేస్తున్నాడని, సైగలు చేస్తున్నాడని పోలీసులు కింది నుంచి గురిపెట్టేవాళ్ళు. పావురాలు గూళ్ళలోనే రెక్కలు కొట్టుకున్నాయి. చీకటి పడ్డాక పొట్టమీద పాకుతూ పోయి నీళ్ళు పెట్టి వచ్చేవాళ్ళం. ఇంట్లో పిండి అయిపోయింది. మూలన పావురాల జొన్నబస్తా ఉంది. ఉస్తాద్ భార్యను మేం అమ్మీ అనేవాళ్ళం. ఆమె ఆ జొన్నల్ని సగం విసిరింది. సగం పావురాలకు ఉంచింది. ఆ వారమంతా మేం, పావురాలు ఒకే బస్తాలోంచి తిన్నాం. రొట్టె పళ్ళకింద కరకరలాడితే ఆమె "దాణాలో రాళ్ళు సరిగ్గా ఏరలేదు మీరు" అని మమ్మల్నే తిట్టింది. కర్ఫ్యూ సడలించిన రెండుగంటల్లో తలుపు తీశాం. ఎగరటం మరిచిపోయినట్టు కాసేపు మిద్దె మీదే నడిచాయి. తర్వాత లేచాయి. రెండు పఠ్ఠాలు తిరిగి రాలేదు. ఆ రోజు మనుషులే చాలామంది ఇళ్ళకు తిరిగి రాలేదు గనక, వాటికోసం ఏడవటానికి మాకు సిగ్గేసింది.

ఆ అమ్మీ సంగతి కూడా చెప్పాలి. దాణా నానబెట్టింది ఆమె. జబ్బు పావురాన్ని ఒడిలో పెట్టుకుని చుక్కచుక్క నీళ్ళు పోసింది ఆమె. పేరు మాత్రం ఉస్తాద్‌ది. మిద్దె మగవాళ్ళది. పావురం ఎగురుతుంటే ఆమె వంటింటి గవాక్షం నుంచి చూసిన ఆకాశం జానెడు. అబుల్ ఫజల్ పుస్తకంలో చేలాకైనా చోటు దొరికింది గాని, ఆడదానికి దొరకలేదు. మా జ్ఞాపకాల్లోనైనా దొరకాలి.

మా మీద మాకు విమర్శ లేదని కాదు. మా మతపెద్దలు ఈ ఆటను మెచ్చలేదు. పావురం వెనక పరుగెత్తే మనిషిని ప్రవక్త నిరసించిన హదీసు అబూదావూద్‌లో ఉంది. 12వ శతాబ్దపు హనఫీ ధర్మగ్రంథం హిదాయా పావురాలాడేవాడి సాక్ష్యం చెల్లదంది. మిద్దె ఎక్కి పరాయి ఆడవాళ్ళను చూస్తాడన్నది అది చూపిన కారణాల్లో ఒకటి. అందులో న్యాయం లేకపోలేదు. పందెం కాసి కుట్టుమిషను అమ్ముకున్నవాడు మా గల్లీలోనే ఉన్నాడు. గంటలు పెంచాలని పావురానికి మందులు మింగించేవాళ్ళున్నారు. ఎండకు గుండె పగిలి పడ్డ పావురాల్ని చూశాం. గూటి దుమ్ము పీల్చి ఉస్తాద్ చివరి రోజుల్లో ఊపిరాడక బాధపడ్డాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని మాకెవరూ చెప్పలేదు. సంక్రాంతి వస్తే నైలాన్ మాంజా రెక్కలు కోసేది. 2017లో హరిత ట్రిబ్యునల్ నిషేధించినా ఆ దారం పూర్తిగా పోలేదు. ఇవన్నీ మా మధ్య మేం తేల్చుకోవలసినవి. పందెం వేరు, విద్య వేరు. కోడిపందేలను సంక్రాంతి సంప్రదాయమని టీవీల్లో చూపించే చోట, పావురాలాటను మాత్రం నేరగాళ్ళ గుర్తుగా చూపిస్తే మేం ఒప్పుకోం.

ఇప్పుడు ఇంకో కొత్త నింద వచ్చింది. 2015 మే నెలలో పఠాన్‌కోట్ దగ్గర ఒక పావురం దొరికింది. రెక్క మీద ఉర్దూ అక్షరాల ముద్ర ఉందని పోలీసులు దానికి ఎక్స్‌రే తీయించారు. 2020 మేలో కఠువా జిల్లాలో ఇంకోటి దొరికింది. కాలి ఉంగరం మీద అంకెలు రహస్య సంకేతాలన్నారు. అవి తన ఫోన్ నంబరని, పండగనాడు ఎగరేశానని సరిహద్దు అవతలి గ్రామస్తుడొకడు చెప్పుకున్నాడు. ఏమీ దొరక్క కొన్నిరోజులకు వదిలేశారు. 2023లో ముంబయిలో పట్టుబడ్డ మరో పావురం చైనా గూఢచారి అన్న అనుమానం మీద ఎనిమిది నెలలు బందీగా ఉంది. చివరికి అది తైవాన్ నుంచి దారితప్పిన పందెంపావురమని తేలి 2024 జనవరిలో బయటపడింది.

ముద్రలు, ఉంగరాలు మేమూ వేస్తాం. దారి తప్పితే ఎవరిదో తెలియాలని వేస్తాం. ఒడిశా పోలీసులు కూడా 1946 నుంచి దశాబ్దాలపాటు పావురాల టపా నడిపారు. 1948లో సంబల్‌పూర్ నుంచి కటక్‌కు నెహ్రూ సందేశాన్ని పావురమే మోసింది. 1999 తుఫానులో తీగలన్నీ తెగిపోయినప్పుడు అవే పావురాలు కబుర్లు చేరవేశాయి. సర్కారు కట్టిన చీటీ సేవ అయింది. ఉర్దూలో రాసుకున్న పేరు కుట్ర అయింది. పావురానికి ఎక్స్‌రే తీసినవాళ్ళను చూసి దేశమంతా నవ్వింది. మాకు పూర్తిగా నవ్వు రాలేదు. పేరు చూసి, గడ్డం చూసి, రాసిన లిపి చూసి ఆపి సోదా చేయటం మాకు కొత్త కాదు గనక.

మా ఉస్తాద్ చెప్పిన విద్యలో ఒక సూత్రం ఉంది. పెద్ద పావురాన్ని ఎంత డబ్బు పోసి కొన్నా నీది కాదు. ఈకలు కట్టి నెలలు ఉంచినా, విప్పిన రోజు తాను మొదట ఎగిరిన మిద్దెకే పోతుంది. ముర్గీ చౌక్‌లో కొన్న జోడీలు మర్నాడే అమ్మినవాడి ఇంటికి చేరిన కథలు ప్రతి గల్లీలో ఉన్నాయి. అందుకే పెద్దవాటిని గుడ్లకోసం ఉంచుకుంటారు, ఎగరేసేది వాటి పిల్లల్ని. తల్లి ఎక్కడిదన్నది ఆ పిల్లకు లెక్కలేదు. మా గూట్లో షిరాజీ జాతి పావురం ఒకటుండేది. షిరాజ్ ఇరానులో ఊరు. ఆ పావురానికి ఇరాను తెలియదు. దాని తాతముత్తాతలకు కూడా తెలియదు. దానికి తెలిసిందల్లా మా నీళ్ళట్యాంకు, మా వేపచెట్టు, అమ్మీ చల్లిన జొన్న. మైళ్ళ ఎత్తున ఉన్నట్టు కనపడే చోటునుంచి కూడా అది దిగింది మా మిద్దె మీదికే.

మీరెక్కడివాళ్ళని మమ్మల్ని అడుగుతుంటారు. కాగితాలు చూపమంటారు. జాతి పేరునుబట్టి ఊరు నిర్ణయిస్తారు. ఆ లెక్కన మా షిరాజీని ఇరానుకు తరిమెయ్యాలి. తరిమినా అది పోదు. సాయంత్రానికి తిరిగొచ్చి ఇదే మిద్దె అంచున కూర్చుంటుంది. దాన్ని చూసి నేర్చుకున్నవాళ్ళం మేం. పుట్టి పెరిగిన మిద్దె ఇది, నోట్లో పడిన మొదటి గింజ ఇక్కడి జొన్న. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఉస్తాద్ పోయాడు. మిద్దెలు కూల్చి అపార్టుమెంట్లు కట్టారు. మా పిల్లలకు పావురాలు పెంచే తీరికా లేదు, చోటూ లేదు. వాళ్ళు పెంచాలని కూడా మేం అనటం లేదు, చదువుకోవాలి. కాని వాళ్ళ బడిలో ఏ పంతులైనా ఆ పాత మాట మళ్ళీ అంటే వాళ్ళు తల దించుకోకూడదు. పది ఈకల లెక్క చెప్పాలి. ఎర్రకండ కొవ్వు కాల్చుకునే సంగతి చెప్పాలి. చేలా హీరానంద్ పేరు చెప్పాలి. పేరు చెడిన సయ్యద్ మూసవీని సరిగ్గా పలకాలి. జొన్నబస్తాను రెండు భాగాలు చేసిన అమ్మీ గురించి చెప్పాలి. అందుకే ఇదంతా రాసిపెడుతున్నాం.